ముందు మనం పలకరించకూడదు

హోసూరు బస్టాండులో నాకు తెలిసిన ఆడవాళ్ళు చాలామంది కనబడతారు. వాళ్ళ ఒంటి కొలతలు నాకు తెలుసు. ఆపరేషను మచ్చ ఎక్కడ మొదలై ఎక్కడ ఆగుతుందో తెలుసు. ఎవరు దేనికి ఏడ్చారో, ఎవరు ఏడవకుండా పళ్ళు బిగించుకున్నారో తెలుసు. నన్ను చూడగానే వాళ్ళు మొహం పక్కకు తిప్పుకుంటారు. నేను కూడా బస్సు బోర్డు చదువుతున్నదానిలా నిలబడతాను. చూసేవాళ్ళకు మా మధ్య ఏదో పాత తగాదా ఉందనిపిస్తుంది. తగాదా ఏమీ లేదు, నేను చేసిన ఉద్యోగమే అలాంటిది.

క్యాన్సరు మీద పనిచేసే పెద్ద ధర్మసంస్థ మాది. దేశమంతా శాఖలున్నాయి. హోసూరు శాఖలో ఫీల్డ్ వర్కరుగా చేరి, అక్కడే జుట్టు నెరిసి, అక్కడే రిటైరయ్యాను. ఈమధ్య కొత్తగా చేరిన ఇద్దరమ్మాయిలు మా ఇంటికొచ్చి, "అక్కా, మీ అనుభవాలు రాసివ్వండి, మాకు పనికొస్తాయి" అన్నారు. చాలా రోజులకు ఇంటికి మనుషులొచ్చారన్న సంతోషంలో సరేనన్నాను. ప్రమోషన్ల గురించి, రిపోర్టుల గురించి రాయను. వాటికి ట్రైనింగులున్నాయి, మధ్యాహ్నం భోజనం కూడా పెడతారు. ట్రైనింగులో ఎవరూ చెప్పని ఒక సంగతి ఉంది, అది రాస్తాను.

రోజీ సిస్టరు మాట

మా శాఖలో నాకంటే ముందు నుంచి ఉన్న నర్సు రోజీ సిస్టరు. కోలారు వైపు మనిషి. మాట కరుకు, చెయ్యి మెత్తన. నేను చేరిన మొదటిరోజే ఎదురుగా కూర్చోబెట్టుకుని చెప్పింది.

"సరోజా, ఇంగేమన్నా మర్చిపో, ఇది మాత్రం మర్చిపోవద్దు. మన పేషెంటు బయట యాడ కనపడినా ముందు మనం పలకరించకూడదు. వాళ్ళు పలకరిస్తే మాట్లాడు. లేదంటే నువ్వెవురో, వాళ్ళెవురో."

"ఇంత దగ్గరగా చూసినోళ్ళని పలకరించకుండా ఎట్లుండేది సిస్టర్?"

"ఇంగ కొన్నాళ్ళకి నువ్వు క్యాన్సరు ఆఫీసు మనిషివని ఊరంతా తెలుస్తాది. నువ్వు ఎవుర్ని చూసి నవ్వితే వాళ్ళకి క్యాన్సరనుకుంటారు. నీ నవ్వు నీ దగ్గరే పెట్టుకో."

అప్పుడు నాకు కోపం వచ్చింది. మనుషుల్ని పలకరించడానికే కదా ఈ పనిలో చేరింది అనుకున్నాను. నోరు మంచిదైతే ఊరు మంచిదవుతుందని మా నాన్న అనేవాడు. మా పనిలో మాత్రం నోరు మూసుకుంటేనే ఊరు మంచిగా ఉంటుందని జూజువాడిలో తెలిసింది.

జూజువాడి చెక్‌పోస్టు దగ్గర మునెమ్మకు ఇడ్లీ అంగడి ఉండేది. లారీ డ్రైవర్లు తినేవాళ్ళు, చుట్టుపక్కల ఫ్యాక్టరీలకు పోయే పిల్లలు తినేవాళ్ళు. మునెమ్మకు గర్భసంచిలో జబ్బు. పొద్దున వ్యాపారం చూసుకుని, మధ్యాహ్నం బస్సెక్కి బెంగళూరు పోయి కరెంటు పెట్టించుకుని వచ్చేది. రేడియేషన్ని మా వైపు అందరూ కరెంటనే అంటారు. ఆ సంగతి ఆమె మొగుడికీ మాకూ తప్ప ఎవరికీ తెలియదు. ఒకరోజు మా శాఖలోనే పనిచేసే శాంతి అనే పిల్ల ఆ దారిన పోతూ అంగడికి వెళ్ళింది. మనసులో కల్మషం లేని పిల్ల. ఇడ్లీ తిని చెయ్యి కడుక్కుంటూ, "అక్కా, కరెంటు ఇంగా ఎన్ని దినాలు పెట్టాలన్నారు?" అని అడిగింది. అడగడం ప్రేమగానే అడిగింది. బల్లమీద కూర్చున్నవాళ్ళంతా విన్నారు.

మరుసటి వారానికి అంగడిలో ఈగలు తప్ప ఎవరూ లేరు. ఇది అంటుకునే జబ్బు కాదని నలుగురికీ చూపిద్దామని రోజూ పొద్దున నేనే పోయి అక్కడ కూర్చుని తినడం మొదలుపెట్టాను. నేను కూర్చోగానే, ఎప్పుడైనా దారి తప్పి వచ్చిన ఒకరిద్దరు కూడా ప్లేట్లు పెట్టి లేచిపోయేవాళ్ళు. చివరికి మునెమ్మే నా ఎదురుగా వచ్చి నిలబడింది.

"సరోజమ్మా, నువ్వు రాకుంటే అదే నాకి పెద్ద సాయం" అంది.

జబ్బు నయమైంది. అంగడి మాత్రం నిలవలేదు. శాంతి చాలాకాలం ఏడ్చింది, తర్వాత ఉద్యోగం మానేసింది. నేను రోజీ సిస్టరు మాట తాళి కట్టుకున్నంత గట్టిగా కట్టుకున్నాను.

జాకెట్లు కుట్టే ఆయమ్మ

మాకొక జీపు ఉండేది. దాని రెండు పక్కలా సంస్థ పేరు, క్యాన్సరు అన్న మాటతో సహా, దూరం నుంచి కనబడేంత పెద్ద అక్షరాలతో రాయించారు. హెడ్డాఫీసు వాళ్ళకు అది ప్రచారం. ఆ జీపు ఎవరింటి ముందు ఆగితే ఆ ఇంటికి అది టముకు వేసినట్టే. అందుకే ఊరికి చాలా దూరంలో జీపు దిగి నడిచేదాన్ని. కొన్నాళ్ళకు జీపే వద్దనుకుని బస్సుల్లో తిరగడం మొదలుపెట్టాను.

ఊళ్ళోకి పోయాక, నువ్వెవరు, ఎందుకొచ్చావు అని అడుగుతారు కదా. మా నాన్న ఊత్తంగరైలో టైలరు. నాకు కాళ్ళు అందిన రోజు నుంచి మిషను తొక్కడం వచ్చు. ఆ విద్య అక్కరకొచ్చింది. సంచిలో టేపు, రెండు జాకెట్టు గుడ్డలు పెట్టుకుని, "జాకెట్లు కుడతాను, కొలతలు తీసుకోవడానికి వచ్చినాను" అనేదాన్ని. తలుపు వేసుకుని లోపల కొలతలు తీస్తున్నారంటే ఎవరూ అనుమానపడరు. నేను చేసేదీ నిజానికి అదే. ఆపరేషనులో ఒక రొమ్ము తీసేసిన ఆడవాళ్ళకు కట్టు మార్చడం, చెయ్యి వాయకుండా గోడమీద వేళ్ళు పాకించే కసరత్తు నేర్పడం, ఖాళీ అయిన చోటికి కొలత తీసి గుడ్డతో అమరిక చేసివ్వడం నా పని.

చిక్కు ఎక్కడొచ్చిందంటే, పక్కింటి వాళ్ళు కూడా గుడ్డలు పట్టుకుని వచ్చేవాళ్ళు. "మాకీ కుట్టమ్మా, ఆయమ్మకి మాత్రమే కుడతావా?" అనేవాళ్ళు. కుట్టనంటే గుట్టు బయటపడుతుంది. అలా ఆదివారాలన్నీ మిషను మీదే పోయేవి. తళి చుట్టుపక్కల ఊళ్ళలో నాకు క్యాన్సరు పనిలో రాని మంచిపేరు జాకెట్లలో వచ్చింది. చంకలో పట్టకుండా కుడతానని చెప్పుకునేవాళ్ళు.

గౌరమ్మ

తళి దాటి కొంచెం లోపలికి పోతే ఒక ఊరు. పేరు రాయను, ఎందుకో మీకే తెలుస్తుంది. ఆమె పేరు కూడా మార్చి గౌరమ్మ అంటున్నాను. గొర్రెలు కాసుకునే కుటుంబం, కొంచెం వానచేను కూడా ఉంది. మొగుడు చిన్నప్ప ఇంకా గొర్రెలతోనే తిరిగేవాడు. ఆమె గులాబీలు పెంచే గ్రీన్‌హౌసులో కూలికి పోయేది. ఇల్లు ఆ కూలి మీదే నడిచేది. ఎడమ రొమ్ములో గడ్డ వచ్చింది, బెంగళూరులో ఆపరేషను చేశారు. ఊళ్ళో గర్భసంచి ఆపరేషనని చెప్పుకున్నారు. గర్భసంచి తీయించుకోని ఇల్లు మా వైపు లేదు కాబట్టి ఎవరూ మారు ప్రశ్న వేయలేదు.

నేను మొదటిసారి పోయేసరికి ఆపరేషను పుండు చక్కగా మానింది. గౌరమ్మ మాత్రం గడప దాటడం లేదు. గోడవైపు తిరిగి కూర్చుని ఉంది.

"పనికి పోవాలమ్మా నేను" అంది. "అయితే ఎట్ల పోయేది? అందురం ఒకే రూములో ఏప్రన్లు మార్చుకుంటాం. ఒకే క్యాన్లో నీళ్ళు తాగతాం. ఈ పక్క ఖాళీగా ఉండాదని చూసినారంటే ముగిసిపోయ. నా గ్లాసు వేరే పెడతారు. రెండో దినం రావొద్దంటారు."

అది భయం మాత్రమే అని చెప్పి కొట్టిపారేయలేకపోయాను. మునెమ్మ అంగడి నా కళ్ళముందే ఉంది. ఈమెకు జబ్బు లొంగింది. ఇక మిగిలింది, మనుషుల మధ్యకు తిరిగి పోగలుగుతుందా లేదా అన్నది. పోలేకపోతే కూలి లేదు, కూలి లేకపోతే బెంగళూరు పరీక్షలకు పోయే దారీ లేదు.

మూలన కూర్చుని ఆకువక్క నములుతున్న అత్త నంజమ్మ మా మాటల్లో దూరింది. ఆ తరం వాళ్ళు మా వైపు జాకెట్టు తొడుక్కోరు, చీర కొంగే చుట్టుకుంటారు.

"నాకి జాకెట్టే లేదు. ఉందా లేదా అని ఎవురు చూసినారు? ఈ కాలంలో జాకెట్లొచ్చి ఈ కష్టమంతా వచ్చింది" అంది.

"నువ్వు సుమ్మనుండు అత్తా" అంది గౌరమ్మ. నాకు నవ్వొచ్చింది, ఆపుకున్నాను. ముసలామె మాటలో న్యాయం లేకపోలేదు.

రాగులు

హెడ్డాఫీసు నుంచి మాకు స్పాంజితో చేసిన అమరికలు వచ్చేవి. చూడ్డానికి బాగుంటాయి, దూది కంటే తేలిక. మంచి బరువున్న రకం ఉంటుందని విన్నానే గాని మా శాఖ దాకా అది ఎప్పుడూ రాలేదు. గులాబీలు కోసేవాళ్ళు రోజంతా చేతులు పైకెత్తాలి. గౌరమ్మ చెయ్యి ఎత్తిన ప్రతిసారీ స్పాంజి మెడ దగ్గరికి ఎక్కేది. అద్దం ముందు ఒకటికి రెండుసార్లు ఎత్తి చూసుకుని, దాన్ని తీసి మంచం మీద పడేసింది.

దానికి బరువు కావాలి. ఇసుక పోద్దామా అనుకున్నాం, గుడ్డలోంచి కారుతుంది. చివరికి నంజమ్మ చేటలో చెరుగుతున్న రాగుల మీద మా ఇద్దరి కళ్ళూ పడ్డాయి. మెత్తని గుడ్డతో సంచి కుట్టి, రాగులు పోసి, తూకం సరిపోయేదాకా తీస్తూ పోస్తూ కూర్చున్నాం. గౌరమ్మ లోపలికి పోయి తొడుక్కుని వచ్చి చేతులు పైకెత్తింది, దించింది. కదలలేదు. ఆమె నా వైపు తిరిగి నిలబడటం అదే మొదటిసారి.

వారం తిరక్కుండానే పనిలో చేరింది. ఎడమచేతికి ముల్లు గుచ్చుకోకూడదు, గుచ్చుకుంటే చెయ్యి వాచిపోతుంది. అందుకని మోచేతి దాకా వచ్చే మందపాటి గ్లవుసులు తెచ్చిచ్చాను. తోటివాళ్ళు అడిగితే ముల్లంటే ఒంటికి పడదని చెప్పుకుంది. అంతా బాగుందని నేను వేరే ఊళ్ళలో పడ్డాను.

మళ్ళీ పోయినప్పుడు వాకిట్లోనే నన్ను చెయ్యి పట్టుకుని లోపలికి లాక్కుపోయింది. తలుపు గడియ పెట్టింది. ఏదో ముంచుకొచ్చిందనుకున్నాను. ఆమె ఆ గుడ్డ సంచి తీసి నా చేతిలో పెట్టింది. దారాల సందుల్లోంచి తెల్లగా, పచ్చగా మొలకలు తన్నుకొచ్చి ఉన్నాయి. గ్రీన్‌హౌసులో పైనుంచి సన్నగా నీళ్ళు చల్లుతూనే ఉంటారు. దానికితోడు చెమట, ఒంటి వెచ్చదనం. రాగులకు అంతకంటే ఏం కావాలి.

"చూడమ్మా" అంది గౌరమ్మ. "మా ఆయన చేన్లో వాన లేక ఒక గింజ మొలవలేదు ఈ ఏడు. నా మింద మొలిచినాది చూడు."

అని నవ్వడం మొదలుపెట్టింది. నేనూ నవ్వాను. బయట నుంచి నంజమ్మ ఏమైందే ఏమైందే అని తలుపు కొడుతోంది. నవ్వీ నవ్వీ గౌరమ్మ నా భుజం మీద తల పెట్టి ఏడ్చింది. ఆపరేషను తర్వాత ఆమె ఏడవడం అదే మొదలని తర్వాత చెప్పింది. నా ఉద్యోగమంతటిలో నేను ఒంటరిగా లేనని గట్టిగా అనిపించిన పూట అదొక్కటే.

రాగుల్ని వేయించి పోస్తే మొలవవు. ఇంత చిన్న సంగతి రైతుల ఊళ్ళో మా ముగ్గురిలో ఒక్కరికీ తట్టలేదు. అప్పట్నుంచి హోసూరులో మా ఇంట్లోనే రాగులు దోరగా వేయించి, చల్లార్చి, సంచులు కుట్టేదాన్ని. మా ఇంటి ఓనరమ్మ వాసన పట్టి, "ఏం సరోజమ్మా, రోజూ రాగి మాల్టేనా?" అనేది. గౌరమ్మ పక్కన కూర్చుంటే కమ్మగా వేయించిన రాగుల వాసన వచ్చేది. వాళ్ళాయన అంబలి వాసన అని ఆటపట్టించేవాడట.

శాలువా

మా శాఖకు వచ్చిన మేనేజర్లలో మూర్తి సారు మంచివాడు. ఇది ముందే చెప్పాలి, ఎందుకంటే తర్వాత చెప్పేది ఆయన మీద ఫిర్యాదులా ఉంటుంది. ఊత్తంగరై పక్కన ఒక ఊళ్ళో నోటి క్యాన్సరు క్యాంపు పెడితే, ఊరి పెద్ద మర్యాద కొద్దీ డాక్టర్లకు తాంబూలం పళ్ళెంలో ఆకు, వక్క, దాంతోపాటు పొగాకు కాడలు కూడా పెట్టి ఎదురొచ్చాడు. డాక్టర్లు బిక్కమొహాలు వేశారు. మూర్తి సారు మాత్రం నవ్వి, పళ్ళెం కళ్ళకద్దుకుని, "ఇది ఇచ్చేటప్పుడు మీ నోరు కూడా ఒకసారి చూపించండయ్యా" అన్నాడు. ఆ రోజు మొదట నోరు తెరిచింది ఊరి పెద్దే. అలా మనుషుల్ని కలుపుకునేవాడు.

ఆయనకు ఒకటే పట్టుదల. జబ్బును గెలిచినవాళ్ళు వేదిక ఎక్కి చెప్పాలి.

"దాచిపెట్టే కొద్దీ భయం పెరుగుతుంది సరోజమ్మా. పక్కింట్లో ఒకామె బతికి తిరుగుతోందని తెలిస్తే కదా, ఇంకొకామె గడ్డ రాగానే డాక్టరు దగ్గరికి వచ్చేది? మీరే ఈ భయాన్ని కాపలా కాస్తున్నారు."

ఆ మాట నాకు ఇప్పటికీ గుచ్చుకుంటుంది. ఎందుకంటే అది అబద్ధం కాదు. ఆలస్యంగా వచ్చి చనిపోయిన ఆడవాళ్ళు నాకు ఎంతమంది గుర్తున్నారో. గౌరమ్మ సంగతి తెలిసి ఉంటే వాళ్ళలో కొందరైనా ముందు వచ్చేవాళ్ళేమో. అయినా ఆయనకు ఒకటే చెప్పాను: "సార్, అది మంచి మాటే. దానికి ఖరీదు చెల్లించేది మీరూ నేనూ కాదు, వాళ్ళు."

ఆయన ఊరుకోలేదు. కృష్ణగిరిలో కల్యాణ మండపం తీసుకుని సభ పెట్టాడు. వేదిక మీద వాళ్ళ కోసం వేసిన కుర్చీలన్నీ ఖాళీ. నాలుక ఆపరేషను అయిన ఒక పెద్దాయన ఒక్కడే వచ్చాడు. మాట సగం అర్థం కాకపోయినా బ్రహ్మాండంగా మాట్లాడాడు. మిగిలిన శాలువాలు ఏం చేయాలో తెలియక సారు నన్ను పిలిచి, ఇన్నేళ్ళుగా క్యాన్సరు రోగులకు సేవ చేస్తున్న తల్లి అని మైకులో చెప్పి నాకే కప్పాడు. కేబుల్ టీవీ వాళ్ళు తీసుకున్నారు. రెండు మూడు రోజులు అదే తిప్పి తిప్పి వేశారు. నా పెద్ద పొట్ట, బిక్కమొహం జిల్లా అంతా చూసింది.

గౌరమ్మ ఊళ్ళో కూడా చూశారు. "ఇదేమే, జాకెట్లు కుట్టే ఆయమ్మ గదా!" అన్నారట.

కొన్ని రోజులకు హోసూరు పూల మార్కెట్టులో గౌరమ్మ నా పక్కకు వచ్చి నిలబడింది. నా మొహం చూడకుండా, ఎదురుగా ఉన్న చామంతి బుట్టలోకి చూస్తూ మాట్లాడింది.

"ఊర్లో అడిగినారమ్మా. ఆయమ్మ నీ ఇంటికి ఎందుకొస్తా ఉండె అని."

నేనూ పూలు ఎంచుతున్నదానిలా బుట్ట మీదికి వంగాను.

"నేనన్నాను, జాకెట్టు కుట్టించుకున్నాను, నాకేం తెలుసు అని. మీరూ కుట్టించుకున్నారు గదా, ఆ మాటకొస్తే మీకందురికీ ఉండాదా అన్నాను. నోరు మూసుకున్నారు. ఈదిలో అందురి ఇంట్లోనూ నువ్వు కుట్టిన జాకెట్టు ఉండాది. ఎవుర్ని అంటారు?"

విసుక్కుంటూ ఆదివారాలు కుట్టిన ఆ జాకెట్లే ఆమెను కాపాడాయి. నాకు అక్కడే కూర్చుని ఊపిరి పీల్చుకోవాలనిపించింది. కానీ ఆమె మాట ఇంకా అయిపోలేదు.

"ఇంగ మా ఊరికి రావొద్దమ్మా. బయట యాడన్నా కనపడినా పలకరించొద్దు. నువ్వెవురో నాకి తెలీదని చెప్పినాను. తప్పుగా అనుకోవద్దు."

"అనుకోను" అన్నాను.

ఆమె ఒక మూర చామంతి కొనుక్కుని వెళ్ళిపోయింది. తర్వాత సంగతులన్నీ మా నర్సు ఫోనులో కనుక్కుని చెప్పేది. పరీక్షలకు పోతోంది, బాగుంది, పని మానలేదు. అంతకు మించి అడిగే హక్కు నాకు లేదు. రాగుల సంచులు కుట్టి బెంగళూరు ఆసుపత్రికి పోయే మనిషి చేతికి ఇచ్చేదాన్ని. అవి ఆమెకు అందేవో లేదో తెలియదు.

మూర్తి సారుకు ఈ సంగతి చెప్పలేదు. చెబితే బాధపడేవాడు. ఆ తర్వాత బదిలీ మీద వెళ్ళిపోయాడు.

రిటైరయ్యాక

నాకు వీడ్కోలు సభ చేశారు. దండ వేశారు, గోడ గడియారం ఇచ్చారు. ఆఫీసువాళ్ళు తప్ప ఎవరూ లేరు, ఎలా ఉంటారు? బడిలో మేస్టారు రిటైరైతే పాత పిల్లలొస్తారు. కండక్టరు రిటైరైతే టీ అంగడివాళ్ళు కూడా వస్తారు. నేను కోరుకున్నదే ఎవరూ రాకూడదని. వచ్చి ఉంటే నేను పని సరిగ్గా చేయనట్టు.

మా ఆయన నేను ఉద్యోగంలో చేరకముందే పోయాడు. పిల్లలు లేరు. ఉద్యోగంలో ఉన్నన్నాళ్ళూ ఆ లోటు కనబడలేదు, రోజూ ఎవరో ఒకరింట్లో తలుపు వేసుకుని కూర్చునేదాన్ని. ఇప్పుడు నా తలుపు నేనే వేసుకుని నేనే కూర్చుంటున్నాను. మా వీధిలో పెళ్ళయితే పసుపు కుంకుమ పళ్ళెంతో ఇల్లిల్లూ పిలుస్తారు. నా ఇంటి ముందుకు వచ్చేసరికి వాళ్ళ నడక వేగం పెరుగుతుంది. వాళ్ళు చెడ్డవాళ్ళు కాదు. మొగుడు లేనిదాన్నని కాదు, క్యాన్సరామె శుభకార్యానికొస్తే ఎలాగో ఉంటుందని వాళ్ళ భయం. పక్కింటి పాపకు చెవులు కుట్టినప్పుడు గోడ మీదుగా ఒక గిన్నెలో పాయసం ఇచ్చారు. తిన్నాను. బాగుంది. గిన్నె కడిగి అదే గోడ మీద పెట్టాను.

నాకు ఒంటరిగా ఉంది. దీన్ని ఇంకో రకంగా చెప్పడం నాకు రాదు. నన్ను బాగా ఎరిగినవాళ్ళంతా ఈ రెండు తాలూకాల్లోనే ఉన్నారు, రోజూ ఎదురుపడుతుంటారు, నలుగురిలో మాత్రం నేనెవరో తెలియనట్టే ఉండాలి.

కొత్తగా చేరిన అమ్మాయిలూ, అందుకే ఈ రెండు మాటలు చెబుతున్నాను. రోజీ సిస్టరు నియమాన్ని తప్పవద్దు. మూర్తి సారు కోరిన రోజు ఒకటి వస్తుంది, వచ్చేదాకా తప్పవద్దు. ఇక రెండోది, ఈ పనితో సంబంధం లేని మనుషుల్ని నలుగురిని సంపాదించుకోండి. చీట్లు వేయండి, భజనకు పొండి, పక్కింటావిడతో పోట్లాడండి, ఏదైనా సరే. నేను ఆ పని చేసుకోలేదు. పేషెంట్లే చాలనుకున్నాను.

తళి బస్సు

పని లేకపోయినా ఒక్కోసారి తళి బస్సెక్కుతాను. చల్లగాలి కోసమని నాకు నేను చెప్పుకుంటాను. అక్కడ దిగి, టీ తాగి, తిరుగు బస్సులో వచ్చేస్తాను. మొన్న అలాగే కిటికీ పక్కన కూర్చుని ఉన్నాను. నలుగురైదుగురు ఆడవాళ్ళు గ్రీన్‌హౌసు ఏప్రన్లు సంచుల్లో కుక్కుకుని గోలగోలగా ఎక్కారు. అందరూ వయసు పిల్లలు, ఒకామె తప్ప. ఆ ఒకామె వచ్చి నా పక్కన కూలబడింది. నేను కిటికీలోంచి బయటికి చూస్తూనే ఉన్నాను, అలవాటు. కాసేపటికి వేయించిన రాగుల వాసన వచ్చింది.

తల తిప్పలేదు.

"యాడికి పోతా ఉండావమ్మా?" అంది ఆమె, ముందు సీటు పిల్లలకు కూడా వినబడేట్టు.

గౌరమ్మే. జుట్టు నెరిసింది, ఒళ్ళు చేసింది. నా మొహంలోకి నేరుగా చూస్తోంది.

"తళికి" అన్నాను.

"నీది ఏ ఊరు?"

"హోసూరు."

"పేరేమి?"

"సరోజమ్మ."

"నా పేరు గౌరమ్మ" అని సంచిలోంచి ఉడకబెట్టిన శనక్కాయలు తీసి నా ఒళ్ళో పోసింది. "తినమ్మా, మన చేన్లోవే. ఈ ఏడు వాన బాగుండాది, అన్నీ మొలిచినాయి."

అలా మొదలుపెట్టి దారి పొడుగునా చెప్పింది. అత్త పోయిందని, ఆయన గొర్రెలు అమ్మేసినాడని, కూతురికి మగబిడ్డ పుట్టినాడని, తానిప్పుడు గ్రీన్‌హౌసులో మేస్త్రీ అని, ముందు సీట్లో ఉన్న కోతులన్నీ తన కిందే పనిచేస్తాయని. ఆ పిల్లలు వెనక్కి తిరిగి నవ్వారు. ఇన్నేళ్ళుగా నేను నర్సు ఫోను కోసం కాచుకుని విన్న ముక్కలన్నీ ఇప్పుడు నిండుగా వింటున్నాను. ఏమీ తెలియనిదానిలా "అట్లనా", "ఓహో" అంటూ కూర్చున్నాను.

"నీకి ఎవురుండారమ్మా ఇంట్లో?" అని అడిగింది.

"ఎవురూ లేరు" అన్నాను.

ఆమె శనక్కాయ ఒలిచి గింజలు నా చేతిలో పెట్టింది.

"మా ఊరికి ముందు జాకెట్లు కుట్టే అక్క ఒకామె వస్తా ఉండె" అంది. "చంకలో పట్టేది కాదు. ఆయమ్మని నేను రావొద్దన్నాను. ఇప్పుడు యాడుందో ఏమో."

"ఉంటాదిలే, యాడో ఒక చోట" అన్నాను. కళ్ళలో నీళ్ళు తిరిగితే కిటికీ వైపు తిరిగాను. గాలి బాగా కొడుతోంది, ఎవరూ ఏమీ అనుకోరు.

తళికి ముందే వాళ్ళ స్టాపు వచ్చింది. పిల్లలు దిగారు. గౌరమ్మ లేచి, కమ్మీ పట్టుకుని, దిగేముందు గట్టిగా అంది.

"ఇంగ మనకి పరిచయమయిపోయింది గదా సరోజమ్మా. ఈసారి యాడన్నా కనపడితే నువ్వే ముందు పలకరించాల. మర్చిపోవద్దు."

ఆ రోజు తళిలో టీ తాగానో లేదో నాకు గుర్తులేదు.

నిన్న హోసూరు ఉళవర్ సంతలో, రైతులు నేల మీద కూరగాయల కుప్పలు పోసుకుని అమ్మే చోట, ఆమె కనబడింది. పక్కన వాళ్ళ ఊరి ఆడవాళ్ళు ఇద్దరు ఉన్నారు, నేను పోవడం మానేశాక ఆ ఊరికి కోడళ్ళుగా వచ్చినవాళ్ళలా ఉన్నారు, తెలిసిన మొహాలు కావు. నా కాళ్ళు వాటంతటవే పక్క వరసలోకి తిరిగాయి. ఇన్నేళ్ళ అలవాటు మరి. బలవంతంగా నిలబడ్డాను. వాళ్ళ వైపు తిరిగాను.

"గౌరమ్మా" అన్నాను. "బాగుండావా?"

ముగ్గురూ తిరిగి చూశారు. గౌరమ్మ మొహమంతా నవ్వు పరుచుకుని, చేతిలోని చిక్కుడుకాయలు అక్కడే కుప్పలో పడేసి నా దగ్గరికి వచ్చింది.

"ఎవురక్కా ఈయమ్మ?" అని అడిగింది పక్కామె.

"మా సరోజమ్మ" అంది గౌరమ్మ, నా చెయ్యి పట్టుకుని. "బస్సులో పరిచయం."